ద్రౌపది చెప్పిన రైతూ, మదనపల్లె టమోటా రేటూ

ముందుగా మీ ప్రశ్న నాకు ఎలా అర్థమైందో చెబుతాను. పుంగనూరు దగ్గర రెండెకరాల్లో టమోటా పెట్టారు. మంచి నర్సరీ నుంచి నారు తెచ్చారు, డ్రిప్పు వేశారు, మల్చింగ్ షీటు పరిచారు, కట్టెలు నాటి తీగలు కట్టారు, మందులు వేళ తప్పకుండా కొట్టారు. కాపు బాగా వచ్చింది. మూడో కోత నాటికి మండీలో బాక్సు రేటు కోత కూలికీ ఆటో బాడుగకూ కూడా చాలలేదు. మిగిలిన కాయను చేనులోనే వదిలేశారు. ఇంటికి వస్తే మీ తాత "కర్మణ్యేవాధికారస్తే" అన్నారు. ఓడిపోయినవాడిని ఊరడించడానికి తప్ప ఆ శ్లోకం ఇంకెందుకు పనికొస్తుందని, ఫలితం ఎలాగూ మన చేతిలో లేనప్పుడు ఇంత లెక్కా ప్రణాళికా ఎందుకని మీరు అడిగారు.

నేను ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో ముప్పై ఒక్క ఏళ్లు వ్యవసాయ శాఖలో పనిచేశాను. దామలచెరువు వైపు నాలుగెకరాల మామిడి తోట ఉంది. ఉద్యోగ విరమణ తరువాత తిరుపతిలో స్థిరపడి, ఒక పెద్దాయన దగ్గర ఆరేళ్లుగా గీతా భాష్యాలు పాఠం చెప్పించుకుంటున్నాను. అందువల్ల మీ ప్రశ్నలోని రెండు సగాలూ నాకు పరిచయమైనవే. గీతలో ఆధునిక విజ్ఞానశాస్త్రం దాగి ఉందని మాత్రం నేను చెప్పబోవడం లేదు. అలాంటి వాదన అటు శాస్త్రానికీ ఇటు గీతకూ న్యాయం చేయదు. చేసిన పనికీ చేతికొచ్చిన ఫలితానికీ మధ్య ఉన్న ఎడం గురించి రెండు వైపులా గట్టిగా ఆలోచించినవాళ్లు ఉన్నారు. ఆ ఇద్దరి మాటా వింటే మీకు వచ్చే పంటకు పనికొస్తుందని నా నమ్మకం.

మొదట వాన సంగతి చూద్దాం. 1961లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఎడ్వర్డ్ లోరెంజ్ అనే శాస్త్రవేత్త కంప్యూటరు మీద ఒక చిన్న వాతావరణ నమూనాను నడుపుతూ, అంతకుముందు నడిపిన లెక్కను మధ్యలోంచి మళ్లీ నడపాలనుకుని, కాగితం మీద అచ్చయిన అంకెలనే తిరిగి ఎక్కించారు. యంత్రం లోపల 0.506127గా ఉన్న అంకె కాగితం మీద 0.506 అని మాత్రమే అచ్చయింది. ఆయన కాఫీ తాగి వచ్చి చూసేసరికి, కొంతదూరం ఒకే దారిన నడిచిన ఆ రెండు లెక్కలూ ఒకదానికొకటి పొంతన లేకుండా విడిపోయి ఉన్నాయి. 1963లో ప్రచురించిన పత్రంలో ఆయన చూపించినది ఇది: సూత్రాలన్నీ తెలిసినా, వాటిలో ఎక్కడా అదృష్టానికి చోటు లేకపోయినా, ఆరంభస్థితిని లోపం లేకుండా కొలవలేనంత కాలం దూరపు ఫలితాన్ని చెప్పలేము. కొలతలో మిగిలిపోయిన పిసరంత లోపం రోజులు గడిచేకొద్దీ పెరుగుతూ పోతుంది. తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో గాదంకి దగ్గర జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. అక్కడి రాడారు ఆకాశంలోకి 53 మెగాహెర్ట్జ్ తరంగాలను పంపి పైగాలుల కదలికను కొలుస్తుంది. అంతటి పరికరం మన పక్క ఊళ్లోనే ఉన్నా, వచ్చే నెల పదిహేనో తేదీన మీ కయ్యలో వాన పడుతుందా లేదా అన్నది ఎవరూ చెప్పలేరు. ఇందులో శాస్త్రవేత్తల లోపం ఏమీ లేదు.

2021 నవంబరు మీకు గుర్తుండే ఉంటుంది. వాయుగుండం వస్తోందని ముందే తెలుసు. అది 19వ తేదీ తెల్లవారుజామున పుదుచ్చేరికీ చెన్నైకీ మధ్య తీరం దాటింది. కానీ అంతకు ముందురోజే తిరుపతి వీధులు ఏరులై పారాయి. 19న కడప జిల్లాలో చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, దిగువ ఊళ్లు కొట్టుకుపోయాయి. రెండు మూడు రోజుల తరువాత రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్టకు నీరు కారడం మొదలైతే, కింది ఊళ్లను ఖాళీ చేయించి, రాత్రీ పగలూ ఇసుక బస్తాలు వేశారు. ఆ కట్ట నిలిచింది. అదే నెల, అవే మబ్బులు, రెండు కట్టలకు రెండు గతులు. ఈ రాయలచెరువు సంగతి మనసులో పెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

మీ నష్టానికి అసలు కారణం వాన కాదు, ధర. ఈ రెండింటి మధ్య ఉన్న తేడాను చాలామంది గమనించరు. మనం ఏమి ఊహించుకున్నామన్నదానితో వానకు పనిలేదు. ధరకు పని ఉంది. రేపు ధర పెరుగుతుందని పదిమంది నమ్మితే, ఆ నమ్మకమే పదిమంది చేత నారు పెట్టించి ధరను దించుతుంది. 2023 జులైలో మదనపల్లె మార్కెట్లో మొదటి రకం టమోటా కిలో నూట యాభై రూపాయలు దాటింది. మండుటెండకూ తెగుళ్లకూ తోటలు దెబ్బతిని సరుకు తగ్గడం వల్ల పెరిగిన రేటు అది. ఆ రేటు చూసి మదనపల్లె, ములకలచెరువు, కలికిరి వైపే కాక, అవతల కోలారులోనూ, ఇంకా అవతల నాసిక్‌లోనూ రైతులు అదే సమయంలో అదే ఆలోచన చేశారు. నాటిన రెండు నెలలు, రెండుంబావు నెలలకు మొదటి కోత వస్తుంది. సెప్టెంబరు వచ్చేసరికి కిలో పది రూపాయల దరిదాపులకు పడిపోయింది. ఈ రకమైన ఊగిసలాటకు అర్థశాస్త్రంలో సాలెగూడు సిద్ధాంతమని పేరు ఉంది. నికొలస్ కాల్డార్ 1934లో ఆ పేరు పెట్టారు. ధర, పంట ఒకదాని వెంట ఒకటి తిరిగే గీత గీస్తే కాగితం మీద సాలెగూడులా కనిపిస్తుంది. ఆ గూడు అల్లినవాళ్లలో చెడ్డవాళ్లు ఎవరూ లేరని నేను రైతులకు ఎప్పుడూ చెప్పేవాణ్ని. ఎవరికి వాళ్లు తెలివిగా వేసిన అడుగులన్నీ కలిసి అందరినీ ముంచాయి.

ఇక్కడ నా సర్వీసులో జరిగిన ఒక సంగతి చెప్పాలి. ఒక ఊళ్లో ఒక రైతు నారు తెచ్చి సిద్ధంగా పెట్టుకున్నాక బోరు మోటారు కాలిపోయింది. వైండింగు చేయించి దించేసరికి పన్నెండు రోజులు పట్టింది. నారు ముదిరిపోతోందని ఆ మనిషి నా దగ్గర కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఆలస్యంగా నాటిన ఆ తోట కోతకు వచ్చిన వారంలోనే మండీలో సరుకు కొరత ఏర్పడి, అతనికి ఊరంతటిలో ఎవరికీ రాని రేటు దొరికింది. మరుసటి ఏడు ఆ ఊళ్లో ఏమి జరిగిందో ఊహించండి. నలభై మంది వెళ్లి "అన్నా, నువ్వు ఎప్పుడు నాటుతావు?" అని అడిగారు. అతనూ తనకు ఏదో పట్టు చిక్కిందని నమ్మి, కిందటేటి తేదీనే చెప్పాడు. నలభై తోటలూ ఒకే వారంలో కోతకు వచ్చాయి. రెండో ఏడు నష్టం కంటే, మొదటి ఏడు వచ్చిన లాభమే ఆ ఊరికి ఎక్కువ కీడు చేసిందని నేను ఇప్పటికీ అనుకుంటాను. నా వాటా కూడా ఉంది. ఆ తేదీ మంచిదేనని నేనూ తల ఊపాను. ఫలితాన్ని చూసి నిర్ణయానికి తెలివిని అంటగట్టాము, అంతే.

ఇప్పుడు గీత దగ్గరికి వద్దాం. మీ తాత చెప్పిన శ్లోకం రెండో అధ్యాయంలో 47వది. దానికంటే ముందు, మీ ప్రశ్నకు నేరుగా తగిలే మాట పద్దెనిమిదో అధ్యాయం 14వ శ్లోకంలో ఉంది. ఏ కర్మ సిద్ధించాలన్నా ఐదు కారణాలు కావాలని అక్కడ కృష్ణుడు చెబుతాడు: అధిష్ఠానం, కర్త, వేరువేరు కరణాలు, వివిధమైన చేష్టలు, ఐదవది దైవం. భాష్యకారులు అధిష్ఠానమంటే శరీరమనీ, కరణాలంటే ఇంద్రియాలనీ వివరించారు. ఐదవదాని దగ్గర మాత్రం దారులు వేరయ్యాయి. శంకరులు ఇంద్రియాలకు తోడ్పడే ఆదిత్యాది దేవతలని అర్థం చెప్పారు, రామానుజులు లోపల ఉండి నడిపించే పరమాత్మ అన్నారు. నేను ఆ శ్లోకాన్ని సేద్యానికి అన్వయించుకుంటాను. ఇది నా అన్వయమే, భాష్యం కాదు. అధిష్ఠానం నేల. కర్త మీరు. కరణాలు నారు, నీరు, మందు, కూలీల చేతులు. చేష్టలు అంటే మీ ఒక్కరివే కాదు, కోలారు రైతువి, నాసిక్ రైతువి, మండీలో వేలం పాడే వ్యాపారివి, చెన్నైలో కూర వండుకునే ఇల్లాలివి కూడా. ఇవన్నీ లెక్కపెట్టాక కూడా మిగిలే ఐదవది ఒకటి ఉంటుంది. దాన్ని నమ్మేవాడు దేవుడంటాడు, లోరెంజ్ అయితే కాగితం మీద అచ్చుకాని 0.000127 అంటారు. పదహారో శ్లోకం ఇంకా సూటిగా ఉంటుంది. రామానుజుల వ్యాఖ్య ప్రకారం, ఇన్ని కారణాలు ఉండగా తానొక్కడే కర్తనని చూసేవాడు ఉన్నదున్నట్టు చూడటం లేదు.

ఆ చివరి మాటను గమనించండి. వాడు పాపి అనలేదు, చూపు సరిగా లేదన్నారు. అనాసక్తి, అంటే ఫలితానికి అంటిపెట్టుకోకుండా ఉండటం, మనసును రాయి చేసుకోవడమేనని మనలో చాలామందికి ఒక అపోహ ఉంది. నేను పాఠం విన్నంతలో అది మొదట లెక్క సరిచూసుకోవడం. ఐదు వాటాలు ఉన్న ఫలితంలో మనది ఒక వాటా అని తెలిస్తే, మిగతా నాలుగింటి నింద మన నెత్తిన వేసుకోము. మిగతా నాలుగింటి ఘనతను కూడా జేబులో వేసుకోము. మోటారు కాలిన రైతుకు నేను చెప్పలేకపోయిన మాట ఈ రెండోది.

రెండో అధ్యాయం శ్లోకానికి నాలుగు పాదాలు ఉన్నాయి. ఊళ్లలో వినిపించేవి మొదటి రెండే: పని చేయడంలోనే నీకు అధికారం, ఫలాల్లో ఎన్నడూ లేదు. మూడో పాదం, కర్మఫలానికి నేనే హేతువునని అనుకోవద్దంటుంది. నాలుగో పాదం "మా తే సంగోఽస్త్వకర్మణి", పని మానుకోవడం మీద మనసు పెట్టుకోవద్దంటుంది. ఫలితం చేతిలో లేనప్పుడు ప్రణాళిక ఎందుకన్న మీ ప్రశ్నకు జవాబు ఆ నాలుగో పాదంలోనే ఉంది. అది వినకుండా వదిలేస్తే శ్లోకం బద్ధకానికి సాకుగా మారిపోతుంది. అదే అధ్యాయం 50వ శ్లోకంలో యోగమంటే పనిలో కౌశలమని చెప్పారు కాబట్టి, నారు ఎంపికలోనూ డ్రిప్పు వేయడంలోనూ మీరు చూపిన శ్రద్ధ ఆ ఉపదేశానికి వ్యతిరేకం కానే కాదు, దాని అమలే.

గీత కంటే నాకు ఎక్కువ దగ్గరగా అనిపించేది మాత్రం మహాభారతం అరణ్యపర్వంలో ద్రౌపది మాట. ద్వైతవనంలో ధర్మరాజు ఓర్పు గురించి చెబుతూ ఉంటే, ఆమె ఎదురు వాదిస్తుంది. అన్నీ దైవమే చేస్తుందని కూర్చునేవాడూ, అన్నీ కాకతాళీయంగా జరుగుతాయని కూర్చునేవాడూ ఇద్దరూ అధములేనని తేల్చేసి, రైతును ఉదాహరణగా తెస్తుంది. రైతు నాగలితో నేలను చీల్చి విత్తనం వేస్తాడు. ఆ తరువాత మౌనంగా కూర్చుంటాడు, అక్కడ వానే కారణం. వాన కరుణించకపోతే అందులో రైతు తప్పు లేదు. ఇంకొకడైతే ఏమి చేసేవాడో అదంతా నేను చేశాను, అయినా ఫలించకపోతే నా అపరాధం లేదని పరిశీలించి చూసుకున్న ధీరుడు తనను తాను నిందించుకోడని ఆమె అంటుంది. ఈ మాటలు తనకు ఎక్కడివో కూడా చెబుతుంది: చిన్నప్పుడు పుట్టింట్లో ఒక పండితుడు అన్నలకు నీతి చెబుతూ ఉంటే, తండ్రి ఒడిలో కూర్చుని విన్నదట. సర్వం పోగొట్టుకుని అడవిలో ఉన్న స్త్రీ నోట వచ్చిన మాట కాబట్టి ఆ మాటకు బరువు ఎక్కువ.

ఇందులో నేను పట్టుకున్న మాట "పరిశీలించి". రైతుకు ఊరట ఊరికే దొరకడం లేదు. ఇంకొకడైతే చేసేదంతా నేను చేశానా అన్న పరీక్షలో నెగ్గాకే దొరుకుతోంది. మీ సంగతికే వస్తే, పంట పెంచడంలో మీరు ఆ పరీక్షలో నెగ్గారు. ఎప్పుడు, ఎంత విస్తీర్ణంలో నాటాలన్న నిర్ణయంలో నెగ్గారా అన్నది వేరే ప్రశ్న. మీరు రాసినదాన్ని బట్టి రెండెకరాలూ ఒకే రోజు నాటారు, అదీ ధర ఎక్కువగా ఉన్న వారంలో. ఇది కఠినంగా వినిపిస్తే మన్నించండి. మీ నష్టంలో మార్కెట్టు వాటా పెద్దది, కానీ ఈ చిన్న వాటా మాత్రం మీది. మీరు మార్చుకోగలిగినదీ అదొక్కటే.

రాయలచెరువు సంగతి ఇక్కడ కలుస్తుంది. ఊళ్లు ఖాళీ చేయించారు, కట్ట తెగలేదు. ఆ రోజుల్లో కొందరు, అనవసరంగా సామాన్లు మోయించారని విసుక్కున్నారు. కానీ కట్ట కారుతున్న ఆ పూట, ఉన్న సమాచారంతో, అంతకంటే సరైన నిర్ణయం లేదు. కట్ట నిలిచినంత మాత్రాన అది తప్పు నిర్ణయమైపోదు. అలాగే అన్నీ తప్పుగా చేసి లాభం పొందినవాడి నిర్ణయం మంచిదైపోదు. నిర్ణయాన్ని ఫలితంతో కొలవకుండా, తీసుకున్న నాటి తెలివితో కొలవడం అలవాటు చేసుకుంటే అనాసక్తి అనేది పుస్తకంలోంచి పొలంలోకి వస్తుంది.

మీ తాత మీద మీకు కలిగిన కోపం గురించి కూడా చెప్పాలి. అది పూర్తిగా అన్యాయమైన కోపమని నేను అనను. నిష్కామకర్మ ఎవరికి వారు చెప్పుకోవలసిన మాట. అప్పు నెత్తిన ఉన్నవాడికి, నెలనెలా జీతం వచ్చే నాలాంటివాడు ఆ శ్లోకం చెబితే అది బాధను చిన్నబుచ్చడమే అవుతుంది. నేనూ ఉద్యోగంలో ఉన్నప్పుడు ఈ తప్పు చేశాను. మీ తాత తన జీవితంలో ఎన్ని పంటలు పోగొట్టుకుని ఆ మాట దగ్గరికి చేరారో ఒకసారి అడిగి చూడండి. ఆ నోటి నుంచి వచ్చినప్పుడు అది వేరేగా వినిపిస్తుంది.

ఫలితంలో అనేకుల చేతులు ఉన్నాయంటే బాధ్యతలోనూ అనేకుల వాటా ఉన్నట్టే. 2025లో తోతాపురి మామిడి సంగతి చూశారు కదా. కాపు విరగకాసింది, గుజ్జు ఫ్యాక్టరీల దగ్గర ట్రాక్టర్లు బారులు తీరాయి, కొనేవాళ్లు వెనక్కి తగ్గారు. కిలోకు ఫ్యాక్టరీలు ఎనిమిది రూపాయలు, ప్రభుత్వం నాలుగు రూపాయలు, మొత్తం పన్నెండు రూపాయలు రైతుకు అందేలా నిర్ణయించారు. అది చాలిందా, అందరికీ అందిందా అన్న చర్చ వేరు. అయితే ఒక్కడు మోయలేని అనిశ్చితిని పదిమంది మీద పంచాలన్న ఆ ఆలోచన సరైనదని నేను గట్టిగా నమ్ముతాను. రైతుకు వైరాగ్యం బోధించి, గిట్టుబాటు ధర, శీతల గిడ్డంగి, పంటల బీమా అడగకుండా చేసేవాళ్ల మాట నమ్మకండి. ద్రౌపది వాదించింది ఊరకే కూర్చోమని కాదు.

ఇక మీరు చివర అడిగిన ప్రశ్న: ఈ ఏడు మళ్లీ పెట్టాలా వద్దా. పెట్టండి, కానీ రెండెకరాలూ ఒకేసారి వద్దు. అర ఎకరా చొప్పున మూడు వారాల ఎడంతో మూడు దఫాలు నాటండి, మిగిలిన అర ఎకరాలో అలసంద గానీ పశుగ్రాసం గానీ వేయండి. ఏ ఒక్క దఫాకూ గొప్ప రేటు దొరక్కపోవచ్చు, అన్ని దఫాలూ మునగడం మాత్రం అరుదు. ధర మండుతున్న వారంలో నారు కొనకండి, ఎందుకంటే ఆ వారంలో నారు కొనేవాళ్లంతా మీతోపాటే కోతకు వస్తారు. మొత్తం పెట్టుబడి పోయినా ఇల్లు నడిచేంతవరకే అప్పు చేయండి. ఎంత సంపాదిస్తామన్నది ఎవరూ చెప్పలేరు కానీ, ఎంతవరకు పోగొట్టుకోవడానికి సిద్ధపడాలన్నది నాటే ముందే మీరు నిర్ణయించుకోగలరు.

ఇంకొకటి. నాటే రోజు ఒక నోటు పుస్తకంలో అర పేజీ రాయండి: ఈ తేదీనే ఎందుకు ఎంచుకున్నాను, ఇప్పుడు నాకు తెలిసినవి ఏమిటి, తెలియనివి ఏమిటి, ఏమి జరిగితే ఆగిపోతాను. ఆఖరి కోత అయ్యాక, లాభం వచ్చినా నష్టం వచ్చినా, ఆ అర పేజీని మళ్లీ చదవండి. లాభం వచ్చిన ఏడు తప్పకుండా చదవండి. నేను నా మామిడి తోటకు పదకొండేళ్లుగా ఇలా రాస్తున్నాను. నేను గొప్పగా ఊహించానని చెప్పుకునే ఏడాది పేజీ తీస్తే, అందులో నేను ఊహించినదే వేరు.

మీ బోరులో ఇప్పుడు ఎన్ని అంగుళాల నీరు వస్తోంది, కిందటి అప్పు ఎంత మిగిలింది, ఇంట్లో పనికి వచ్చే చేతులు ఎన్ని, మీ చేనుకు మదనపల్లె మండీ దగ్గరా పలమనేరు దగ్గరా అన్న నాలుగు సంగతులు రాయండి. మొదటి అర ఎకరాకు పెట్టుబడి లెక్క, నాటే తేదీ కలిసి వేద్దాం. పుస్తకం మాత్రం నారు తెచ్చే ముందే కొనండి.